కారాల్సిన చుక్క

టైలరమ్మ టీ గ్లాసు సగానికి మించి నింపదు. కొత్తగా వచ్చినవాళ్ళు పిసినారితనం అనుకుంటారు. రెండో గుక్కకల్లా ఏదో చేపల పడవ పక్కనుంచి జోరుగా పోతుంది, ఇల్లంతా ఓ వైపుకి ఒరుగుతుంది, గ్లాసులో ఆ ఖాళీ ఎందుకు వదిలిందో అప్పుడు తెలుస్తుంది. "మిగతా సగం పొయ్యనా?" అని ఆవిడ అప్పుడే అడుగుతుంది, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా.

ఇల్లంటే తెరచాప పడవ. భర్త బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. రేవుల్లో అందరికీ ఆయన మేస్త్రి. ఆయన లెక్కలో ఆ పడవ పొడవు ముప్పావు బస్సు. గాలి అనుకూలించే నెలల్లో ఇద్దరూ తీరం వెంబడి ఒక రేవు నుంచి ఇంకో రేవుకి పోతుంటారు. గాలి ఎదురు తిరిగే నెలల్లో ఎక్కడో ఒకచోట లంగరేసి ఉండిపోతారు. ఏ రేవుకి వెళ్ళినా ఆవిడకి చిరిగిన తెరచాపలు, ఎండకి చివికిన పరదాలు దొరుకుతాయి, ఆయనకి మొరాయించే ఇంజన్లు దొరుకుతాయి. అలా గడిచిపోతుంది.

పడవ లోపల నిటారుగా నిలబడే చోటు ఒక్కటే, మెట్ల కింద పొయ్యి ముందు. పొయ్యి రెండు కొక్కేల మధ్య ఉయ్యాలలా వేలాడుతుంటుంది, పడవ ఎటు వంగినా గిన్నె మాత్రం వంగదు. అరలన్నిటికీ అడ్డంగా చెక్క పట్టీలు. గరిటెలు, చెంచాలు, మేస్త్రి స్పానర్లు, ఆవిడ కత్తెర్లు అన్నీ ఎక్కడివక్కడ కట్టేసి ఉంటాయి. ముక్కు వైపు త్రికోణంలో పడక, దాని పైన పైకప్పు కిటికీ. ఎన్నిసార్లు రబ్బరు మార్చినా ఆ కిటికీలోంచి వాననీరు మేస్త్రి ఎడమ చెవిలోనే పడుతుంది. ఆయన విసుక్కుంటే, "కిటికీ కదల్దు కదండీ, చెవి కాస్త పక్కకి పెట్టుకోండి" అంటుంది.

కుట్టుమిషను మాత్రం మెట్ల పక్కన తలుపు ఎదురుగా ఉంటుంది. చేత్తో తిప్పే మిషను, కింద పలకకి బోల్టులేసి బిగించినది. తలుపు బయట ఈ వారం ఒక దీపస్తంభం, వచ్చే వారం ఐస్ ఫ్యాక్టరీ గోడ మీద కూర్చున్న కొంగలు, ఆ తర్వాత ఉత్త నీళ్ళు.

అంతకుముందు ఆవిడ బస్టాండు వెనక వీధిలో, ఒక మేడ మెట్ల కింది గదిలో కుట్టేది. మిషను గోడకి ఆనించి ఉండేది. స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు, జిప్పులు పోయిన సంచులు. పెళ్ళైన కొత్తలో ఆ గదిలో కూర్చుంది, జుట్టు నెరిసేదాకా లేవలేదు. ఆ గోడ మీద పెచ్చు ఏ మూల ఏ ఆకారంలో ఊడిందో కళ్ళు మూసుకుని గీసి చూపించగలదు.

పడవ మేస్త్రి కోరిక కూడా కాదు. డిపో ప్రహరీ అవతల షెడ్డులో ఎవరో వదిలేసిపోయిన పడవ ఉండేది. అందులో మంచి డీజిల్ ఇంజను ఉందని ఎవరో చెబితే దాని కోసం వెళ్ళాడు. ఇంజను ఒక్కటే అయితే అమ్మం అన్నారు. ఎలకలు కొట్టేసిన తెరచాపతో సహా పడవంతా దానికి తగులుకుని వచ్చింది. ఆవిడ మూడు పూటలు మాట్లాడలేదు. తర్వాత, ఊరికే పడి ఉంటే చూడలేక, ఆ తెరచాపని డిపో ఆవరణలో బస్సులు పోయాక పరిచి అతుకులేసింది. కుట్టడం అయ్యాక సరిగా వచ్చిందో లేదో చూద్దామని ఇద్దరూ దాన్ని ఒక కొక్కేనికి తగిలించారు. గాలొచ్చింది. తన కుట్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుని, ఆ గుడ్డ కడుపు ముందుకి పెట్టి నిలబడింది. ఆవిడ చాలాసేపు దాని కింద నిలబడి, "ఇంకేం కావాలి దీనికి?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఎందుకంటే పడవకి ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి. ఇంట్లో ఏదైనా చెడితే మెకానిక్ ఇంటికి వస్తాడు. ఇక్కడ ఇల్లే మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళాలంటే ఆ చెడినదే పనిచెయ్యాలి. ఒకసారి అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు నడి సముద్రంలో ఆగిపోయింది. మేస్త్రి విప్పి చూస్తే లోపల రంగురంగుల దారపు ఉండ.

"ఎక్కణ్ణుంచి వచ్చిందో" అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా.

"చేపలు కూడా కుట్టు నేర్చుకుంటున్నాయేమో" అందావిడ, మిషను వైపు చూడకుండా.

ఇద్దరి మధ్యా ఒక చట్టం ఉంది. అది పుట్టింది మొదటి ఏడాది, ఒక రేవులోకి వస్తుంటే. కుడి వైపు లోతు అని ఆయన, ఎడమ వైపు లోతు అని ఆవిడ. వాదన తేలేలోపు పడవ మధ్యన ఉన్న ఇసుక మేటని వెతుక్కుని వెళ్ళి కూర్చుంది. నీళ్ళు మళ్ళీ పెరిగేదాకా అలాగే వంకరగా ఉండిపోయారు. గట్టు మీద చేపలవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ పొద్దుపోయేదాకా చూసి ఆనందించారు. ఆ ఒరిగిన పడవలో, ఒరిగి కూర్చునే, ఇద్దరూ చట్టం రాసుకున్నారు. రాయడమంటే నోటిమాటే. చుక్కాని కర్ర ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. రెండోవాళ్ళకి వేరే అభిప్రాయం ఉంటే, ముందు కర్ర అడిగి పుచ్చుకోవాలి. కర్ర పుచ్చుకున్నవాళ్ళు పడవ నడపాలి కూడా. ఊరికే మాటలు చెప్పడానికి వీల్లేదు.

మొదట్లో ఇది దారుల వరకే. మెల్లగా సంసారమంతా దాని కిందికి వచ్చింది. కొత్త బ్యాటరీ కొనాలన్న సంగతి మేస్త్రి తెల్లారే లేచి కర్ర పట్టుకుని తేల్చేశాడు. ఆయన సిగరెట్ల సంగతి తేల్చడానికి ఆవిడ ఓ పొడుగాటి ప్రయాణం కోసం ఆగింది. మధ్యాహ్నమంతా కర్ర వదల్లేదు. దిగేసరికి పెట్టె సముద్రంలో ఉంది. మామూలుగా ఆయన్ని "మీరు" అనే మనిషి, చుక్కాని పట్టుకుంటే "నువ్వు" అంటుంది. ఎవరూ చెప్పింది కాదు, అలా అలవాటైపోయింది. ఆయనా పట్టించుకోడు.

పోయిన ఏడు ఆ బ్యాటరీనే ఎత్తబోయి మేస్త్రి నడుం పట్టేసింది. మామూలు పట్టు కాదు. మంచం మీదనుంచి లేవడానికి ముందు మోకాళ్ళ మీదకి దిగాల్సి వచ్చేది. డాక్టరు వెడల్పాటి బెల్టు ఇచ్చి, వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నాడు. పడవలో వంగకుండా చేసే పని టీ తాగడం ఒక్కటే. ఇంజను మెట్ల కింది గూట్లో ఉంటుంది. దాని వెనక భాగం అందాలంటే మెట్లు ఊడదీసి, బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దూర్చాలి. అది ఇక తనవల్ల కాదని మేస్త్రికి అర్థమైంది. చెయ్యగలిగినవాళ్ళు ఇంకెవరున్నారో ఆయనకి తట్టలేదు.

దాంతో ఒడ్డు మీద, రేవు గేటు దగ్గర టీ బండి పక్కన నిలబడి, ఒక పళ్ళ డాక్టరుకి పడవ అమ్ముతానని మాటిచ్చేశాడు. ఆయనకి పడవ కొనాలని ఎప్పట్నుంచో సరదా. వచ్చే సెలవురోజున వచ్చి, ఓసారి నీళ్ళ మీద తిరిగి చూసి, ఖాయం చేసుకుంటానన్నాడు.

మేస్త్రి పడవలోకి వచ్చి చెప్పాడు. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"మాటిచ్చేశారా?"

"ఇచ్చేశాను. అక్క మేడ మీద గది ఖాళీగానే ఉందటగా. ఈ నడుంతో నిన్ను నడి సముద్రంలో పెట్టి నేనేం చెయ్యను?"

ఆవిడ దారం కొన మళ్ళీ తడిపి సూదిలోకి ఎక్కించింది. పడవ లంగరు మీద ఉంది. కర్ర ఎవరి చేతిలోనూ లేదు, తాడుతో కట్టేసి ఉంది. ఒడ్డున ఇచ్చిన మాటకి పడవ చట్టం వర్తిస్తుందో లేదో ఇద్దరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

మేస్త్రి అక్కగారు, అంటే ఆవిడకి వదిన, అంతకుముందొకసారి పడవ చూడ్డానికి వచ్చింది. లంగరేసి ఉన్న పడవలోనే కళ్ళు తిరిగి, పొయ్యి పక్కన బకెట్టు కౌగిలించుకుని కూర్చుంది. "ఇదేం కాపురమే తల్లీ, దిష్టి తగలడానిక్కూడా నిలకడ లేదు" అంది. మనసు మంచిది. ఇప్పుడు పడవ అమ్ముతున్నారని తెలిసి రోజూ ఫోను.

"గదికి సున్నం వేయించా. మంచం వేయించా. నీ మిషనుకి కూడా చోటు చూశానులే, తూర్పు గోడకి ఆనించి పెట్టుకుందువుగాని. ఎండ తగలదు, గాలి తగలదు, హాయిగా కుట్టుకో."

"అలాగే వదినా" అంది ఆవిడ.

ఫోను పెట్టేశాక మిషను ముందు కూర్చుని, తలుపులోంచి బయటికి చూస్తూ చాలాసేపు చక్రం తిప్పలేదు. మేస్త్రి అది చూశాడు. నడుం గురించి బెంగపడుతోందనుకున్నాడు, తన నడుం గురించే.

ఇక్కడ పడవ అడుగున ఉన్న ఒక సంగతి చెప్పాలి. ఇంజను తిప్పే ఇరుసు పడవ అడుగులో కన్నం గుండా బయటి పంకాకి వెళుతుంది. ఆ కన్నంలోంచి సముద్రం లోపలికి రాకుండా ఇరుసు చుట్టూ గ్రీజు పట్టించిన తాడు చుట్టలు కుక్కి, మీద నట్టు బిగిస్తారు. పొలాల్లో నీళ్ళ మోటార్లకి ఉండే గ్లాండు లాంటిదే, దీన్నీ గ్లాండనే అంటారు. ఇందులో తమాషా ఏమిటంటే, అది పూర్తిగా ఆగకూడదు. ఇరుసు తిరుగుతున్నప్పుడు ఒక్కో చుక్కా లోపలికి కారుతూ ఉండాలి. ఆ చుక్కే తాడుని చల్లగా ఉంచుతుంది. మరీ బిగిస్తే చుక్క ఆగుతుంది, తాడు కాలుతుంది.

పళ్ళ డాక్టరు వచ్చే వారంలోనే ఆ గ్లాండు చుక్క వదిలేసి ధార పట్టింది. అది మేస్త్రి చూశాడు. భార్యకి చెప్పలేదు, చెబితే తనని ఆ గూటి దగ్గరికి రానివ్వదని. ఆవిడ స్నానం నీళ్ళ కోసం ఒడ్డుకి వెళ్ళినప్పుడు, బెల్టు బిగించుకుని, పళ్ళు బిగపట్టి, మెట్లు తీసి, చెయ్యి దూర్చి నట్టు కాస్త తిప్పాడు. అడుగున నీళ్ళు తుడిచే మనిషి కాబట్టి ఆవిడా చూసింది. ఆయనకి చెప్పలేదు, చెబితే ఆ నడుంతో బోర్లా పడుకుంటాడని. ఆయన టీ బండి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఇన్నేళ్ళుగా ఆయన చెయ్యడం చూసిందే కదా, తనూ నట్టు కాస్త తిప్పింది. మర్నాడు ఓ చెమ్మ కనపడితే ఆయన ఇంకాస్త. ఇంకో చెమ్మ కనపడితే ఆవిడ మరికాస్త. వచ్చేది కొనే మనిషి కదా, లోపల పొడిగా ఉంటే బాగుంటుందని చివరిరోజు ఇద్దరూ విడివిడిగా చెరోసారి. ఇంజను ఆన్ చేసి చుక్క పడుతోందో లేదో చూడాలని మేస్త్రికి తెలుసు. ఇంజను మోగితే ఆవిడ వచ్చి, ఎందుకని అడుగుతుంది. అందుకని చూడలేదు.

ఆవిడకి పడవ అమ్మడం ఇష్టం లేదు. ఆ ధారని అలాగే వదిలేస్తే పళ్ళ డాక్టరు తలుపు దగ్గర్నుంచే తిరిగి వెళ్ళేవాడు. అది ఆవిడకి తట్టకపోలేదు. కుట్టు ఊడిన చోటు చూసి పక్కకి తప్పుకునే చెయ్యి కాదు అది, అంతే.

సెలవురోజు పొద్దున్నే పళ్ళ డాక్టరు వచ్చాడు. కొత్త టోపీ, తెల్లటి కాన్వాసు బూట్లు, సంతోషం పట్టలేని మొహం. పడవంతా నోరు తెరవమన్నట్టు ప్రతి అరా తెరిపించాడు. చెక్కల్ని గోటితో తట్టి చెవి పెట్టి విన్నాడు.

"పుచ్చు లేదు" అన్నాడు తృప్తిగా.

"ఉంటే పైన సిమెంటు పెట్టేవాళ్ళమండీ, మీకు తెలిసిందేగా" అందావిడ.

ఆయన పెద్దగా నవ్వాడు. మంచివాడు. మంచివాడు కావడమే ఆవిడకి కష్టంగా ఉంది. పడవని ఏ మొరటువాడో కొంటే తిట్టుకోవడానికైనా వీలుండేది.

లంగరు తీశారు. ఇంజను మీద రేవు దాటి వెళ్ళి, బయట తెరచాప ఎత్తాలని అనుకున్నారు. కర్ర మేస్త్రి చేతిలో ఉంది. అలలకి అడ్డంగా వేసిన రాళ్ళకట్ట దాటీ దాటగానే డాక్టరు ముక్కు ఎగబీల్చాడు.

"అక్కయ్యగారూ, పొయ్యి మీద ఏమన్నా మరిచిపోయారా?"

"పొయ్యి వెలిగించందే" అని ఆవిడ లోపలికి తొంగి చూసింది. మెట్ల సందుల్లోంచి సన్నగా పొగ.

మేస్త్రి ఇంజను ఆపేశాడు. గాలి లేదు, నీటి వాలు మెల్లగా రాళ్ళ వైపు తోస్తోంది. ఆవిడ ముక్కు దగ్గరికి వెళ్ళి లంగరు వదిలింది. గొలుసు గలగలా జారి, బిగిసి, ఆగింది. రాళ్ళు ఇంకా రాళ్ళున్నచోటే ఉన్నాయి, పడవ పడవ ఉన్నచోట నిలబడింది. వచ్చి మెట్లు ఊడదీసింది.

గ్లాండు ముట్టుకోలేనంత వేడిగా ఉంది. లోపల తాడు బొగ్గయిపోయింది. వేడి తగ్గి ఇనుము సర్దుకునేసరికి కాలిన తాడు పట్టు వదిలేసింది. నీళ్ళు చిన్న కుళాయి తిప్పినట్టు లోపలికి రావడం మొదలుపెట్టాయి.

మేస్త్రి మోకాళ్ళ మీదకి దిగాడు. ఇంకాస్త వంగబోయాడు. అక్కడే ఆగిపోయాడు, ముందుకీ వెనక్కీ కాకుండా.  డాక్టరూ ఆవిడా చెరో రెక్కా పట్టుకుని లేపి బెంచీ మీద కూర్చోబెట్టారు.

"ఇది నా వల్లే" అన్నాడు ఆయన కూర్చున్నాక. "కొంచెం బిగించాను."

"మీరెప్పుడు బిగించారు?"

"నువ్వు నీళ్ళకి పోయినప్పుడు. రెండు మూడుసార్లు. అయినా ఇంత కాలేంత బిగించలేదే."

ఆవిడ చేతిలో ఉన్న పాత తువ్వాలుని ఓ మడత పెట్టింది, ఇంకో మడత పెట్టింది.

"నేనూ బిగించాను" అంది.

"నువ్వా?"

"మీరు టీకి పోయినప్పుడు."

 పళ్ళ డాక్టరు ఆయన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"అంటే ఒకే నట్టుని ఇద్దరూ, ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళు బిగించారా?"

"నువ్వు ఆ గూట్లో ఎలా పట్టావే?" అన్నాడు మేస్త్రి, డాక్టరు మాట వినపడనట్టే.

"మీరెలా పట్టేవారో అలాగే. మీకన్నా కాస్త సుఖంగానే. ఇక కొత్త తాడు ఎక్కడుందో చెప్పండి, కాళ్ళు తడుస్తున్నాయి."

కొత్త తాడు పడక కింద డబ్బాలో ఉంది.  మేస్త్రి కూర్చున్నచోటే చేతిపంపు కొడుతూ నీళ్ళు బయటికి తోలాడు. ఆవిడ బోర్లా పడుకుని గూట్లోకి దూరింది. మేస్త్రి ఎప్పుడో పాత సైకిలు చువ్వ వంచి చేసుకున్న కొక్కెంతో కాలిన చుట్టలు ఒక్కోటీ లాగింది. లాగినకొద్దీ నీళ్ళ జోరు పెరిగింది. తువ్వాలు ముక్క కుక్కి ఆపింది. మేస్త్రి పంపు కొడుతూనే చెబుతున్నాడు.

"అడుగున ఇంకోటి ఉంటుంది. అదొస్తే గానీ కొత్తది పెట్టకు."

"అది రావట్లేదు. అంటుకుపోయింది."

డాక్టరు అప్పటిదాకా కాలిన ముక్కలు వేసే గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. టోపీ తీసి పొయ్యి మీద పెట్టాడు.

"అక్కయ్యగారూ, మీరోసారి ఇవతలికి రండి. అది నాకొదిలేయండి. రోజూ చేసేదదే."

"మత్తింజెక్షను తెచ్చుకున్నారా?" అన్నాడు మేస్త్రి.

"మాట్లాడలేని పేషెంటు అండీ, దీనికెందుకు" అని ఆయన ఆ తెల్లబూట్లతోనే గ్రీజు నీళ్ళలో పడుకున్నాడు. టార్చి నోట్లో కరిచి, మణికట్టు మాత్రం కదిలిస్తూ, చాలాసేపు గెలికి గెలికి చివరి ముక్క బయటికి తీశాడు. అలవాటు కొద్దీ దాన్ని వెలుతురులో పెట్టి చూపించాడు కూడా.

ఆవిడ అప్పటికే తాడు కత్తిరిస్తోంది. ఇరుసు మందమే ఉన్న ఇనప గొట్టం మీద తాడు చుట్టి, కత్తెర ఏటవాలుగా పెట్టి, మెడపట్టీకి గుడ్డ కత్తిరించినట్టు క్రాసుగా కోసింది. కొనలు రెండూ ఒకదాని మీదొకటి పడుకుని అతుకు కనపడకుండా కలిశాయి. మేస్త్రి పంపు ఆపి ఆ ముక్కని తీసుకుని వేళ్ళతో తిప్పి చూశాడు. తను ఎప్పుడూ దాన్ని నిటారుగానే కోసేవాడు, సందులో గ్రీజు కూరేవాడు.

"పంపు ఆపకండి" అందావిడ.

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు.

"అతుకులన్నీ ఒకే వైపు రానివ్వకు" అన్నాడు కొంచెంసేపటికి.

"అతుకులన్నీ ఒక చోటకొస్తే చొక్కా అక్కడే చిరుగుతుంది. ఆ మాత్రం తెలుసు."

చుట్టలు పెట్టడం, నట్టు వేళ్ళతోనే తిప్పి వదిలెయ్యడం, తుడుచుకోవడం అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పొయ్యి మీద టోపీ మసి కొట్టుకుపోయింది. ముగ్గురి బట్టల్లో ఏవి ఏ రంగువో చెప్పేలా లేదు.

"ఇంజను పెట్టనా?" అంది ఆవిడ.

"పెట్టు. గేరు మెల్లగా. నేనిక్కడ కూర్చుని చూస్తాను."

మేస్త్రి బెంచీ అంచున కూర్చుని టార్చి గూట్లోకి కొట్టాడు. లంగరు లేపి, ఆవిడ చుక్కాని దగ్గరికి వెళ్ళింది. ఇరుసు తిరిగింది. గ్లాండు అంచున నీరు చేరి, బరువెక్కి, ఒక చుక్క రాలింది. కాస్త ఆగి ఇంకోటి.

"పడుతోందా?" అని పైనుంచి కేక.

"పడుతోంది."

"బిగించకు. చెయ్యి పెట్టకు దాని మీద."

"ఎక్కడ పెడతానే, ఇక్కణ్ణుంచి లేస్తే కదా."

పడవ మెల్లగా రేవు వైపు తిరిగింది. పళ్ళ డాక్టరు పైకెక్కి ఆవిడ పక్కన కూర్చున్నాడు. చేతులు గ్రీజు, మోచేతులు కొట్టుకుపోయాయి, కళ్ళు మాత్రం పొద్దున్నకంటే మెరుస్తున్నాయి.

"మేస్త్రిగారూ" అని లోపలికి వినపడేలా పిలిచాడు. "కొంటే ఈ పడవే కొంటాను. పొద్దున్న కాస్త అనుమానంగా ఉండేది, ఇప్పుడు లేదు. దాని పన్ను నేనే పీకాను కదా, వదులుకుంటానా? ఇవాళే ఖాయం చేసుకుందాం."

 లోపల మేస్త్రి కారుతున్న చుక్కల్నే చూస్తున్నాడు. ఇచ్చిన మాట ఆయనది. దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాదని ఆవిడకి తెలుసు. డిపోలో ఒక డ్రైవరుకి పొద్దున్నకల్లా బండి సిద్ధం చేస్తానని మాటిచ్చి, జ్వరంతో బస్సు కింద పడుకున్న మనిషి. ఇంకో పక్క, రాళ్ళకట్ట దగ్గరపడుతోంది. అది దాటితే లంగరు, లంగరు తర్వాత కర్రకి తాడు, తాడు తర్వాత తూర్పు గోడ.

"పడవ అమ్మట్లేదండీ" అంది ఆవిడ.

గొంతు పెంచలేదు. కళ్ళు రేవు ముఖద్వారం మీదే ఉన్నాయి, దారి తప్పకూడదు కాబట్టి.

డాక్టరు ఆవిడ వైపు చూశాడు. తర్వాత లోపలికి చూశాడు. "మేస్త్రిగారు మాటిచ్చారే" అన్నాడు, చిన్నబోయి.

"ఇచ్చారు. ఒడ్డున ఇచ్చారు. ఆయన తప్పేం లేదు, తిట్టాలంటే నన్ను తిట్టండి." లోపలికి వంగి పిలిచింది. "విన్నావా? పడవ అమ్మట్లేదు. ఆ గూట్లో పనులు ఇకమీదట నావి. నువ్వు కూర్చుని చెప్పు, నేను పడుకుని చేస్తాను. మీ అక్క గదిలో గోడ నాకొద్దు. కాదంటావా, రా. ఇదుగో కర్ర. పట్టుకో."

మేస్త్రి టార్చి ఆర్పాడు. బల్ల పట్టుకుని లేచాడు. మెట్లు లేవు, గూడు తెరిచే ఉంది. అంచు మీద ఒక కాలు పెట్టి తల బయటికి పెట్టాడు. కర్ర చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉంది. కొంచెంసేపు దాన్ని చూశాడు, దాని మీద ఉన్న చేతిని చూశాడు, గోళ్ళ నిండా గ్రీజు. పడవ రాళ్ళకట్ట దాటింది.

"నడుం లాగుతోందే" అన్నాడు. "కాసేపు నువ్వే ఉంచు."

డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు. మేస్త్రి అక్కడే నిలబడి, చట్టం ఎలా పుట్టిందో, ఇసుక మేట, చేపలవాళ్ళు, సిగరెట్ పెట్టెతో సహా ఆయనకి వివరంగా చెప్పాడు.

"కాబట్టి ఇప్పుడు నా మాట చెల్లదండీ."

"పోనీ ఒడ్డుకి వెళ్ళాక అడగనా?"

"అడగొచ్చు. ఒడ్డున నా మాట చెల్లుతుంది. ఆవిడ ఇవాళ ఆ కర్ర వదిలి ఒడ్డుకి వస్తుందని మాత్రం నాకు నమ్మకం లేదు."

నిజంగానే రాలేదు. లంగరేశాక కూడా కర్రకి తాడు కట్టకుండా, దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చుంది. మేస్త్రి చేతుల్తో టీ పెట్టించుకుని తాగింది. ఆయన గ్లాసు నిండా పోశాడు, సగం ఆవిడ ఒళ్ళో పడింది. డాక్టరుని ఒడ్డుకి దింపే చిన్న పడవ వచ్చింది. ఎక్కబోతూ ఆయన ఆగాడు.

"అక్కయ్యగారూ, కొననివ్వకపోతే పోనివ్వండి. మళ్ళీ ఏదన్నా ఇరుక్కుపోతే నాకు కబురు పెడతారా?"

"పెడతాం. బూట్లు మాత్రం పాతవి వేసుకురండి."

ఆయన రేవు మెట్లెక్కి, నల్లబడ్డ బూట్లని ఒకదానితో ఒకటి తట్టి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపి వెళ్ళాడు. అప్పుడు వదిన ఫోను, మేస్త్రి ఎత్తాడు. గదికి పరదాలు ఏ రంగువి కుట్టుకుంటుందో ఆవిడని అడగమంది. మేస్త్రి ఎత్తాడు.

"నీ మరదలు పనిలో ఉందక్కా. ఏ పనా? కూర్చుంది. ఆ, ఊరికే కూర్చుంది. లేపడానికి లేదు. నీకు చెప్పినా తెలీదులే, ఆ గది మాత్రం ఎవరికన్నా అద్దెకిచ్చెయ్యి."

అవతల చాలాసేపు ఏవో మాటలు నడిచాయి. ఆయన ఫోను, వాననీరు పడని కుడి చెవికి కొంచెం దూరంగా పెట్టుకుని విన్నాడు.

ఆ తర్వాత రేవులు మారాయి. మేస్త్రి నడుం పెద్దగా బాగుపడలేదు, పాడూ కాలేదు. స్పానర్లన్నీ ఇప్పుడు ఆవిడ చేతికందే అరలోకి మారాయి, కత్తెర్ల పక్కనే. పొద్దున్నే బయల్దేరే ముందు మెట్లు ఊడదీసి, బోర్లా పడుకుని, ఇంజను మోగుతుండగా గ్లాండు మీద వేళ్ళు ఆనించి చూస్తుంది. వెచ్చగా ఉంటే సరి, వేడిగా ఉండకూడదు. బెంచీ మీదనుంచి ఆయన అడుగుతాడు.

"పడుతోందా?"

"పడుతోంది."

"అయితే టీ పెట్టు."

"నువ్వే పెట్టు. నా చేతులు గ్రీజు."